బయోడీజిల్ బంకులు: ‘కలపడానికి’ అన్న ఒక్క మాట దగ్గర

హైవే పక్కన వెలిసిన బయోడీజిల్ బంకుల గొడవ మళ్లీ లేచింది. కల్తీ అని అధికారులు, పర్మిషన్ ఉందని బంకుల వాళ్లు. మధ్యలో లారీల ఓనర్లు ఆటోనగర్‌లో ఇంజెక్టర్లు విప్పించుకుని కూర్చున్నారు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు దిమ్మెలు, కృష్ణపట్నంలో దిగే బొగ్గు, పొదలకూరు నిమ్మకాయలు అన్నీ కదిలేది డీజిల్ మీదే. లీటరుకు పది పన్నెండు రూపాయలు తగ్గుతుందంటే ఆశపడని ఓనరు ఎవరు?

గింజల నూనె నుంచి బయోడీజిల్ తీయొచ్చని వేయించిన కానుగ, అడవి ఆముదం తోటల కథ మెట్ట ప్రాంతాల వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2006 జనవరి నుంచి బయోడీజిల్‌ను లీటరు 25 రూపాయలకు కొంటామని కేంద్రం అంది. తయారీ ఖర్చే అంతకు మించడంతో ఆ ముచ్చట అక్కడే ఆగింది. ఇప్పటి తగువుకు మూలం వెతకాల్సింది 2017 జూన్ 29న వచ్చిన ఉత్తర్వులో.

అంతకుముందు బయోడీజిల్ కొనగలిగింది ఆయిల్ కంపెనీలే. 2015 ఆగస్టు నుంచి రైల్వేలు, ఆర్టీసీల లాంటి టోకు వాడకందార్లకూ వీలు కల్పించారు. 2017 ఉత్తర్వుతో బీ100, అంటే నూటికి నూరు శాతం బయోడీజిల్‌ను ఎవరికైనా నేరుగా అమ్మవచ్చన్నారు. షరతు ఒకటే: హైస్పీడ్ డీజిల్‌లో కలపడానికి. 2019 ఏప్రిల్ 30 నాటి మార్గదర్శకాలు తయారీదారు, సరఫరాదారు, బంకు అందరూ రాష్ట్రంలో రిజిస్టర్ కావాలని, సరుకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణానికి తగ్గట్టు ఉండాలని చెప్పాయి. ఆ ‘కలపడానికి’ అన్న మాటను మాత్రం అలాగే ఉంచాయి.

బంకు దగ్గర ఈ మాట ఏమవుతుందో చూడండి. 300 లీటర్ల ట్యాంకులో 40 లీటర్ల డీజిల్ మిగిలి ఉంది. మీద 260 లీటర్ల బీ100 కొట్టించారు. డీజిల్‌తో కలిసిందిగా అంటాడు బంకువాడు. కలిసింది నిజమే, కానీ ట్యాంకులో తయారైంది బీ87, అంటే 87 శాతం బయోడీజిల్. బీఐఎస్ లెక్కలో మామూలు డీజిల్ (ఐఎస్ 1460)లో బయోడీజిల్ 7 శాతం దాకా ఉండొచ్చు. బీ8 నుంచి బీ20 వరకు ఐఎస్ 16531 ఉంది. అదీ బండి కంపెనీ ఒప్పుకున్న ఇంజన్లకే. బీ87కు ప్రమాణమే లేదు.

బీ20 కావాలంటే అదే ట్యాంకుకు లెక్క 240 లీటర్ల డీజిల్, 60 లీటర్ల బీ100. బయోడీజిల్ బరువెక్కువ, ముందు పోస్తే అడుగున పేరుకుంటుంది. సగం డీజిల్, తర్వాత బయోడీజిల్, ఆపైన మిగతా డీజిల్ పోస్తే గతుకుల రోడ్డే కలిపిపెడుతుంది. ఇలా పోసి ఇచ్చే బంకు ఎక్కడుంది? పోస్తే లాభం ఎవరికి?

లాభమంతా పన్ను తేడాలోనే ఉంది. డీజిల్ జీఎస్టీ బయటే ఉండిపోయింది. ఏపీలో దాని మీద 22.25 శాతం వ్యాట్, లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, రూపాయి రోడ్డు సెస్సు. బయోడీజిల్‌కు ఇవేవీ లేవు, జీఎస్టీ ఒక్కటే. 2025లో చెన్నై ధరకూ మన ధరకూ లీటరుకు సుమారు 5 రూపాయల తేడా ఉండింది. తమిళనాడులో ట్యాంకు నింపుకుని సరిహద్దు దాటడం డ్రైవర్లకు మామూలే. అలాంటి చోట ‘బయోడీజిల్’ బోర్డు పెడితే బేరానికి కొదవేముంది?

మిగులు ఎంతో లెక్క వేద్దాం. చీమకుర్తి నుంచి కృష్ణపట్నం రానుపోను 340 కిలోమీటర్లు, సగటున లీటరుకు 4 కిలోమీటర్లు, డీజిల్ 97 రూపాయలు అనుకుంటే ఖర్చు 8,245. బయోడీజిల్ 85 అనుకోండి. లీటరుకు శక్తి దాదాపు 8 శాతం తక్కువ కాబట్టి మైలేజీ 3.7కు దిగుతుంది. 92 లీటర్లు, 7,820 రూపాయలు. ట్రిప్పుకు మిగిలేది 425. బంకువాడు చెప్పిన 12 రూపాయల తేడా ఇంజన్ దగ్గరికి వచ్చేసరికి 5 రూపాయలైంది. ఇదంతా అసలు సరుకైతేనే.

సరుకు అసలుదైనా బండి తీరు మారుతుంది. బయోడీజిల్ మంచి ద్రావకం. ఏళ్ల తరబడి ట్యాంకు గోడలకు పట్టిన మడ్డిని మొదటి రెండు ట్యాంకుల్లోనే కడిగి ఫిల్టర్‌లోకి తెస్తుంది. ఘాట్‌లో పికప్ పోయిందని డ్రైవర్ ఫోన్ చేసేది అప్పుడే. స్పేర్ ఫిల్టర్ బండిలో ఉండాలి, వాటర్ సెపరేటర్ రోజూ వదలాలి. పాత బండ్ల నైట్రైల్ రబ్బరు పైపులు ఉబ్బి మెత్తబడతాయి. ఇత్తడి, రాగి ఫిట్టింగులు తగిలితే బయోడీజిల్ తొందరగా పాడవుతుంది. సముద్రపు గాలి తేమ ఎక్కువగా ఉండే మన దగ్గర సగం ట్యాంకుతో వారాల తరబడి నిలిపిన బండిలో నీరు చేరి, బూజు లాంటి జిగురు పడుతుంది. పామాయిల్ నుంచి తీసిన బయోడీజిల్‌కు చలి పడదు. నెల్లూరు రాత్రుల్లో ఏమీ కాదు గానీ, డిసెంబరులో నిమ్మకాయలతో ఢిల్లీ వెళ్లిన బండికి తెల్లారేసరికి ఫిల్టర్‌లో మైనం పేరుకోవచ్చు.

బీఎస్ 6 బండ్లది వేరే బాధ. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన ఈ ఇంజన్లలో చాలావాటిలో పొగ ఫిల్టర్‌ను కాల్చి శుభ్రం చేయడానికి సిలిండర్‌లో ఆలస్యంగా కొంచెం ఇంధనం అదనంగా చిమ్ముతుంది. అందులో కొంత గోడలకు అంటుకుని ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే సంపులోకి దిగుతుంది. డీజిల్ అయితే వేడికి ఆవిరైపోతుంది. బయోడీజిల్ మరిగే వేడి ఎక్కువ కాబట్టి ఇంజన్ ఆయిల్‌లోనే ఉండిపోతుంది. పొద్దున్నే డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పై గీత దాటి ఉంటుంది. ఆయిల్ తాగని ఇంజన్ అని సంబరపడితే బేరింగులు పోతాయి. పోసిన ఆయిల్ పెరిగిందంటే పలచబడిందనే అర్థం, వెంటనే మార్చాలి.

ఇక కల్తీ. అధికారుల మాట పొట్టిదే: బయోడీజిల్ పేరుతో బేస్ ఆయిల్, పారిశ్రామిక ద్రావకాలు అమ్ముతున్నారు, అందుకే నిత్యావసర సరుకుల చట్టం కింద 6ఏ (సరుకు జప్తు సెక్షన్) కేసులు. గుజరాత్‌లో ఈ దందా పెరిగి అక్కడి ప్రభుత్వం 2021లో పెద్ద ఎత్తున దాడులు చేసింది కూడా. కాదనలేం.

ఓనర్ల మాట ఇంకాస్త వినాలి. హైవే మీద బోర్డు ఉంది, డిజిటల్ మీటరు ఉంది, జీఎస్టీ బిల్లు ఇచ్చారు. రోజూ అదే దారిన పోయే శాఖల జీపులకు కనబడని తప్పు డ్రైవర్‌కు ఎలా కనబడాలి? ఇంజెక్టర్ పోతే సర్వీసు సెంటర్ ఇంధనంలో కల్తీ అని రాసి వారంటీ కొట్టేస్తుంది. బంకు సీలు పడ్డాక ఎవరిని అడగాలి? ఇవి న్యాయమైన ప్రశ్నలే.

డ్రైవర్ చూసుకోగల గుర్తులు కొన్ని ఉన్నాయి. ఐఎస్ 15607 ప్రకారం బీ100 సాంద్రత 15 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు 860 నుంచి 900 కిలోల మధ్య ఉండాలి. బీఎస్ 6 డీజిల్‌ది 845 దాటదు. బీ100 అని అమ్మిన సరుకు 850 చూపిస్తే అది బీ100 కాదు. హైడ్రోమీటరు రీడింగును ఉష్ణోగ్రత పట్టికతో 15 డిగ్రీలకు సరిచేయడం మరిచిపోవద్దు, మన ఎండలో రీడింగు తక్కువే చూపిస్తుంది.

ఇంకోటి మిథనాల్ పరీక్ష. 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో 3 మిల్లీలీటర్ల శాంపిల్ వేసి ఊపాలి. తేటగా కలిసిపోతే నూనె బాగా మారినట్టు, అడుగున బొట్లు నిలిస్తే పచ్చినూనె మిగిలినట్టు. రెండూ 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెల మధ్యాహ్నం కందుకూరులో చేస్తే చెడు సరుకు కూడా పాసైపోతుంది, సీసాలను ఐసు నీళ్లలో చల్లార్చి చేయాలి. మిథనాల్ విషం, దాని మంట కంటికి కనబడదు, బంకులో చేసే పని కాదిది.

అసలు బీ100 ఫ్లాష్ పాయింట్, అంటే దాని ఆవిరి మంట అందుకునే వేడి, కనీసం 101 డిగ్రీలు. అగ్గిపుల్లకు అంత తేలిగ్గా అంటుకోదు. ఒంగోలు బైపాస్‌లో పెట్రోలు వాసన కొట్టే ‘బయోడీజిల్’ పోస్తుంటే ఇంజన్ సంగతి తర్వాత, ముందు బీడీ ఆర్పి పక్కకు జరగాలి.

ఈ గొడవలోకి కొత్త పేరు ఒకటి వచ్చి చేరింది. డీజిల్‌లో ఇథనాల్ కలిపే ప్రయత్నం ఫలించలేదని, ఐసోబ్యుటనాల్ అనే మరో ఆల్కహాల్‌ను పరీక్షిస్తున్నారని 2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ చెప్పారు. ఐసోబ్యుటనాల్ డీజిల్‌లో విడిపోకుండా కలుస్తుంది గానీ దాని ఫ్లాష్ పాయింట్ 28 డిగ్రీలు. డీజిల్‌కు ప్రమాణం అడిగేది కనీసం 35. బంకుల్లో ట్యాంకులు, ట్యాంకర్లు దానికి తగ్గట్టు మారాలి. ఆ కలిపే పని రిఫైనరీ డిపోలో జరుగుతుందా, రోడ్డు పక్కన జరుగుతుందా అన్నది ఈసారైనా ముందే రాయాలి.

అప్పటిదాకా కొట్టించిన ప్రతిసారీ బిల్లు మీద బీ100, ఐఎస్ 15607, సాంద్రత, బ్యాచ్ నంబరు రాయించుకోవాలి. రాయనంటే ట్యాంకు మూత తీయొద్దు. రాసిస్తే నాజిల్ నుంచే ఒక లీటరు గాజు సీసాలో పట్టి, సీలు వేసి, తేదీ రాసి ఆఫీసులో నీడన పెట్టుకోవాలి. 6ఏ కేసులో సీజ్ చేసే శాంపిల్ బంకు ట్యాంకుది. మీ ఇంజన్‌లోకి పోయింది ఏమిటో చెప్పేది ఈ సీసానే.