మందు మానే గ్రూపుల గురించి రోజూ నా చెవిన పడే అపోహలు

డీఅడిక్షన్ కౌన్సెలర్‌గా నా పనిలో సగం మాట్లాడటం, మిగతా సగం మనిషిని మందు మానే గ్రూపు, అంటే తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకునే గుంపు, మొదటి మీటింగుకి పంపడం. రెండోదే కష్టం. మందు మానేస్తానని ఒప్పుకున్నవాళ్లు కూడా గ్రూపు మాట ఎత్తగానే "అక్కడికాండీ..." అని నసుగుతారు. ఆ నసుగుడు వెనక ఉండేవి దాదాపుగా ఇవే.

అపోహ: వెళ్లగానే లేచి నిలబడి "నేను తాగుబోతుని" అని అందరి ముందు చెప్పాలి.

వాస్తవం: ఇది సినిమాల పుణ్యం. మీ వంతు వచ్చినప్పుడు "ఇవాళ వింటానండి" అంటే సరిపోతుంది, వంతు పక్కవాళ్లకి వెళ్లిపోతుంది. ఇంటిపేరు, ఉద్యోగం ఎవరూ అడగరు. ఒకరు చెబుతుంటే మధ్యలో దూరి సలహాలివ్వడం కూడా చాలా గ్రూపుల్లో పద్ధతి కాదు. నేను పంపినవాళ్లలో ఒకాయన (వివరాలు మార్చి చెబుతున్నా) మొదటి మూడు వారాలూ తలుపు పక్క కుర్చీలోనే, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని, ఏ క్షణమైనా లేచిపోయేవాడిలా కూర్చున్నారట. నాలుగో వారం హెల్మెట్ కుర్చీ కింద పెట్టారు. ఆయన నోరు విప్పింది ఆ తర్వాతే, అదీ రెండు ముక్కలు.

అపోహ: ముందు పూర్తిగా మానేసి, అప్పుడు వెళ్లాలి.

వాస్తవం: ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఎ.ఎ.లో చేరడానికి కావాల్సింది ఒక్కటే, తాగుడు మానాలన్న కోరిక. అసలు ఆ సంస్థ ఎలా మొదలైందో చూడండి. 1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్లో, మానేసి కొన్ని నెలలే అయిన బిల్ విల్సన్, వచ్చిన పని చెడిపోయి, మళ్లీ తాగేస్తానేమోనన్న భయంతో మాట్లాడటానికి తనలాంటి మనిషి ఎవరైనా దొరుకుతారా అని ఫోన్లు చేశాడు. అలా దొరికినాయన బాబ్ స్మిత్ అనే సర్జన్. కలిసిన రోజుకి ఆయనింకా తాగుతూనే ఉన్నాడు, ఆ తర్వాత మానేసి కూడా ఒకసారి మళ్లీ తాగాడు. ఆయన చివరిసారి తాగిన జూన్ 10నే ఎ.ఎ. పుట్టినరోజుగా లెక్కేస్తారు. కాబట్టి తాగుతూ ఉన్నా వెళ్లొచ్చు, కాకపోతే ఆ రోజు తాగినవాళ్లని మాట్లాడకుండా వినమని కొన్ని గ్రూపులు అడుగుతాయి.

ఈ అపోహలో నన్ను నిజంగా భయపెట్టేది వేరే. రోజూ బాగా తాగే మనిషి మీటింగుకి శుభ్రంగా వెళ్లాలని ఒక్కసారిగా ఆపేస్తాడు. చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, కొందరికి మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ వస్తాయి, ఆ తర్వాత మతి తప్పినట్టు అయిపోయే పరిస్థితి కూడా రావచ్చు. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, ప్రాణాలు పోతాయి. దీనికి గ్రూపు మందు కాదు. రోజూ తాగేవాళ్లు ముందు డాక్టర్‌ని కలవండి, ఎలా ఆపాలో ఆయన చెబుతారు, మీటింగు ఆ పక్కనే నడుస్తుంది.

అపోహ: గ్రూపుకి వెళ్తే మాత్రలు మానేయమంటారు.

వాస్తవం: తాగకుండా ఉండటానికి డాక్టర్లు రాసే నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ లాంటి మాత్రలు వేసుకుంటూ మీటింగులకి వెళ్లేవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఎక్కడో ఒక పెద్దమనిషి "మాత్ర కూడా మత్తే" అంటాడు, వినకండి. సభ్యులు డాక్టర్ వేషం వెయ్యకూడదని ఎ.ఎ. తన సొంత కరపత్రంలోనే చెప్పింది.

అపోహ: అంతా దేవుడి గొడవ, నాకు పడదు.

వాస్తవం: ఇందులో కొంత నిజం ఉంది, దాచను. ఎ.ఎ. 12 మెట్లలో, అంటే మానడానికి అది చెప్పే పన్నెండు దశల్లో, దేవుడి మాట ఉంది, "మేము అర్థం చేసుకున్న విధంగా" అన్న సర్దుబాటుతో. అది గొంతు దిగకపోతే 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ ఉంది, అక్కడ ప్రార్థనలుండవు, ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకునే పద్ధతులు నేర్పుతారు. ఆడవాళ్ల కోసమే 1975లో పుట్టిన విమెన్ ఫర్ సొబ్రైటీ ఉంది. ఆన్‌లైన్ మీటింగులూ ఉన్నాయి, కెమెరా ఆపేసి కూర్చోవచ్చు. అలాగని ఎ.ఎ.ని ఉత్త భజన అని కొట్టిపారేయకండి. 2020లో వైద్య పరిశోధనల్ని కలిపి సమీక్షించే కోక్రేన్ అనే సంస్థ వాళ్లు 27 అధ్యయనాలు, పదివేల మందికి పైగా మనుషుల ఫలితాలు జల్లెడ పట్టి, పూర్తిగా మానేసి ఉండటం విషయంలో 12 మెట్ల పద్ధతి మిగతా చికిత్సలకి తీసిపోదని, పద్ధతి ప్రకారం నడిపిస్తే కొన్నిచోట్ల వాటికంటే మెరుగేనని తేల్చారు.

అపోహ: ఫీజు ఉంటుంది.

వాస్తవం: ఎ.ఎ.లో ఉండదు. చివర్లో చందా బుట్ట తిప్పుతారు, వెయ్యకపోయినా ఎవరూ చూడరు.

అపోహ: ఒకసారి వెళ్లాను, నచ్చలేదు, నాకిక గ్రూపులు సరిపోవు.

వాస్తవం: మీకు నచ్చనిది ఆ గది. కనీసం నాలుగైదు వేర్వేరు మీటింగులు చూడమంటాను. పది నిమిషాలు ముందు వెళ్లండి, అయిపోగానే పారిపోకండి, అసలు మాటలు కుర్చీలు సర్దేటప్పుడే నడుస్తాయి, ఫోన్ నంబర్లు చేతికొచ్చేదీ అప్పుడే. స్పాన్సర్‌ని, అంటే ముందే మానేసి మీకు దారి చూపించే పాత సభ్యుణ్ణి, మీరే అడిగి పెట్టుకోవాలి, మామూలుగా మగవాళ్లకి మగవాళ్లు, ఆడవాళ్లకి ఆడవాళ్లు. కొత్తగా వచ్చిన మనిషి మీద అతిగా ఆసక్తి చూపించేవాళ్లు, అప్పు అడిగేవాళ్లు తగిలితే ఇంకో మీటింగు వెతుక్కోండి.

అపోహ: తాగే మనిషి గ్రూపుకి వెళ్తేనే ఇంట్లోవాళ్లకి ఉపయోగం.

వాస్తవం: "నేను పక్కన కూర్చోవచ్చా" అని భార్యలు అడుగుతుంటారు. ఓపెన్ మీటింగైతే కూర్చోవచ్చు, క్లోజ్డ్ అయితే మానాలనుకునేవాళ్లకే. కుటుంబాల కోసం అల్-అనాన్ అని వేరే గ్రూపు 1951 నుంచీ ఉంది. ఆయన రానంటే మీరు మీ మీటింగుకి వెళ్లండమ్మా, ఆయన ఒప్పుకునేదాకా ఆగక్కర్లేదు.