రిజిస్టరు లేని ప్రార్థన మందిరాలు: ఎస్సీ సర్టిఫికెట్ వివాదం ఎక్కడ మొదలైంది?

క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా పోతుంది కాబట్టి చర్చి పాస్టర్‌గా ఉంటున్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. కేసు పుట్టింది పాత గుంటూరు జిల్లాలోని పిట్టలవానిపాలెం మండలంలో. అప్పట్నుంచి ఇక్కడి దళిత పేటల్లో పాత వాదన మళ్లీ రాజుకుంది: చేతిలో ఎస్సీ సర్టిఫికెట్, ఆదివారం ప్రార్థన. రెండూ ఒకే మనిషికి ఎలా కుదురుతాయి?

1842లో అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ గుంటూరు రావడం, లూథరన్ బడులు, ఆసుపత్రి అందరికీ తెలిసిన కథే. ఈ గొడవకు పనికొచ్చేది మిషన్ చర్చి రాతకోతలు. బాప్తిస్మం ఇస్తే తేదీతో, తల్లిదండ్రుల పేర్లతో రిజిస్టరులో ఎక్కేది. పెళ్లికి ముందు ఆదివారం ఆరాధనలో ప్రకటన చదివేవారు. పెళ్లి 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద నమోదయ్యేది. సమాధికీ ఓ పుస్తకం. మతం మారిన మనిషి వెనక కాగితాల వరస ఉండేది. బడిలో చేర్చేటప్పుడు కూడా 'క్రిస్టియన్' అనే రాయించేవారు.

ఈ వరస తెగింది 1938 తర్వాత. లూథరన్ సంఘంలో ఉన్న ముంగమూరి దేవదాసు బయటికొచ్చి బైబిల్ మిషన్ స్థాపించారు. గుంటూరు కాకాని తోట దానికి కేంద్రమైంది. అక్కడ ముఖ్యమైనవి సన్నిధి కూటం (దేవుడి సన్నిధిలో కనిపెట్టుకుని కూర్చునే ప్రార్థన), దర్శనం, స్వస్థత. జబ్బుతో వచ్చినవాళ్లను ఏ సంఘం, ఏ మతం అని అడిగే పని లేదు. పాత చర్చి వదలకుండా, ఇంట్లో దేవుడి పటం తియ్యకుండా కూడా వచ్చి కూర్చోవచ్చు. ఇప్పటి వివాదాన్ని మతమార్పిడుల వివాదం అంటున్నారు గానీ, సభ్యత్వం లేని విశ్వాసం మొదలైన ఈ ఘట్టాన్ని వదిలేస్తే ఏదీ అర్థం కాదు.

తర్వాత పుట్టిన స్వతంత్ర మందిరాలు ఈ దారిలోనే మరింత ముందుకు పోయాయి. వాటి పుట్టుక దాదాపు ఒకే తీరు. ఒక ఇంట్లో జబ్బు, ఇరుగుపొరుగు ఆడవాళ్లతో గృహ కూడిక, పది కుటుంబాలు అయ్యాక అద్దె గది, ఆపైన రేకుల షెడ్డు, మైకు సెట్టు, కీబోర్డు. శుక్రవారం ఉపవాస కూడిక, దశమభాగం (రాబడిలో పదోవంతు కానుక), సాక్ష్యం (దేవుడు తనకు చేసిన మేలు అందరి ముందు చెప్పడం). కొమ్మమూరు కాలవలోనో, షెడ్డు వెనక తొట్టిలోనో ముంచి బాప్తిస్మం ఇస్తారు. చాలాచోట్ల అది ఎక్కడా నమోదు కాదు. కానీ మనిషి రోజువారీ బతుకు మారుతుంది. సారా మానతాడు. పోలేరమ్మ జాతరకు డప్పు కొట్టనంటాడు, ఊళ్లో పెద్దరైతుకు మొదట కోపం తెప్పించేది అదే. పదిమందిలో నోరెత్తని ఆడమనిషి మైకు పట్టుకుని సాక్ష్యం చెబుతుంది. మారనిది ఊరు చూసే చూపు. 1985లో కారంచేడులో పెత్తందారులు కొట్టి తరిమేస్తే మాదిగలు తలదాచుకున్నది చీరాల చర్చి ఆవరణలో. కొట్టినవాళ్లు ఎవరి మతమూ అడగలేదు.

చట్టం మాత్రం అడుగుతుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. రాష్ట్రంలో ఎస్సీ కోటా 15 శాతం. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు 1970 నుంచి వెనకబడిన తరగతుల్లోని సి గ్రూపు (బీసీ-సి) కింద 1 శాతం. 1977లో జీవో 341 ఆర్థిక రాయితీలు ఇచ్చింది గానీ హోదా ఇవ్వలేదు. తహసీల్దారు ఆఫీసులో చూసేది బడి రికార్డు, తల్లిదండ్రుల సర్టిఫికెట్, వీఆర్వో విచారణ. మిషన్ బడిలో చదివిన అన్న కాగితంలో 'క్రిస్టియన్', సర్కారు బడిలో చదివిన తమ్ముడి కాగితంలో 'హిందూ-మాదిగ' ఉంటే ఒకే తల్లి పిల్లలు బీసీ-సి, ఎస్సీ అవుతారు. ఫిర్యాదు వస్తే కుల ధ్రువీకరణ పత్రాల మీద వచ్చిన 1993 చట్టం కింద సర్టిఫికెట్ రద్దు చేసే అధికారం కలెక్టరుది.

ఈ సర్టిఫికెట్లను తప్పుపట్టేవాళ్ల వాదన సూటిగానే ఉంది: మతం మారాక కోటా కోసం పాత మతం పేరు వాడుకోవడం మోసం. 2024 నవంబరులో సుప్రీంకోర్టూ దాదాపు ఇదే చెప్పింది.

అయితే అదే సుప్రీంకోర్టు 1976లో గుంటూరు మెడికల్ కాలేజీ కేసులో ఇంకో కొలత పెట్టింది. తల్లిదండ్రులు మాదిగ కులం నుంచి క్రైస్తవంలోకి వెళ్లిన ఓ విద్యార్థి 1973లో హిందూమతం తీసుకుని ఎస్సీ సీటు అడిగాడు. కాలేజీ కుదరదంది. అతన్ని కులం మళ్లీ తనవాడిగా స్వీకరించిందా అన్నదే ముఖ్యమని కోర్టు తేల్చింది, విద్యార్థే గెలిచాడు. ఆ కొలత ఇవాళ పేటలో పెడితే నవ్వుతారు. కులం వాళ్లను బయటికి పంపిందెప్పుడు? శుభలేఖ మీద సిలువ గుర్తు ఉంటుంది, పెళ్లి పాస్టరు చేస్తాడు, వియ్యంకుడు మాత్రం ఆ కులంవాడే.