బడి టీచర్ పీహెచ్‌డీ: నిబంధనలు ఎవరిని చూసి మారాయి?

ఉద్యోగంలో ఉన్న టీచర్ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరాలంటే పై అధికారి ఇచ్చే ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) తప్పనిసరి. అందులో మూడు సంగతులు ఉండాలని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నిబంధనలు చెబుతున్నాయి: పార్ట్‌టైమ్‌గా చదువుకోనిస్తున్నాం, పరిశోధనకు సరిపడా సమయం దొరికేలా విధులున్నాయి, అవసరమైతే కోర్సు వర్క్ (పరిశోధనకు ముందు హాజరయ్యే తరగతులు) కోసం రిలీవ్ చేస్తాం. మొదటి రెండూ రాయడం తేలికే. పేచీ మూడోదాని దగ్గర వస్తుంది. ఏకోపాధ్యాయ బడిలో ఉన్న ఒక్క ఎస్‌జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్) రిలీవ్ చేస్తే ఆ పూట బడికి తాళం పడుతుంది. ఈ చిక్కు ఎక్కడిదో తెలియాలంటే కాలేజీ లెక్చరర్ పోస్టుల కథలోకి వెళ్లాలి. పీహెచ్‌డీ నిబంధనలు మారిన ప్రతిసారీ వాటి చూపు ఆ పోస్టుల మీదే ఉంది.

లెక్చరర్లకు జాతీయ అర్హత పరీక్షగా నెట్ 1989లో మొదలైంది. 1993 డిసెంబరు 31లోగా ఎంఫిల్ (పీహెచ్‌డీకి ముందుండే చిన్న పరిశోధన డిగ్రీ) పూర్తి చేసినవారికి, పీహెచ్‌డీ థీసిస్ సమర్పించినవారికి దాన్నుంచి మినహాయింపు ఇచ్చారు. నెట్ గట్టెక్కనివారికి పరిశోధన ఒక పక్కదారి అయింది. ఆ దారి మీద గేటు పెట్టిన ఏడాది 2009. ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ, కనీసం ఒక సెమిస్టర్ కోర్సు వర్క్ తప్పనిసరి చేశారు, దూరవిద్యలో పీహెచ్‌డీ ఆపేశారు. ఈ పద్ధతిలో డాక్టరేట్ తెచ్చుకున్నవారికే నెట్ అక్కర్లేదన్నారు. పాత పద్ధతిలో చేసినవారు కోర్టుకెక్కారు, 2015 మార్చిలో సుప్రీంకోర్టు యూజీసీ పక్షానే తీర్పిచ్చింది.

2016 నిబంధనల్లో టీచర్లకు పనికొచ్చే మాట ఒకటి పడింది: పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి స్పష్టమైన అనుమతి. అయితే దాంతోపాటు ఒక తలనొప్పీ వచ్చింది. థీసిస్ ఇవ్వడానికి ముందు ఒక రిఫరీడ్ జర్నల్లో (నిపుణులు పరిశీలించి అచ్చువేసే పత్రిక) వ్యాసం, సదస్సుల్లో రెండు పత్రాలు ఉండాలన్నారు. డబ్బు తీసుకుని వారంలో అచ్చువేసే పత్రికలకు గిరాకీ ఎందుకు పెరిగిందో వేరే చెప్పాలా! యూజీసీ ఆమోదిత పత్రికల జాబితా పెట్టింది, 2018 మేలో అందులోంచి 4,305 పత్రికల్ని ఏరేసింది, 2019లో కేర్ అనే కొత్త జాబితా తెచ్చింది, చివరికి దాన్నీ ఎత్తేసింది. 2022 నిబంధనలు ప్రచురణ షరతునే తీసేశాయి. విశ్వవిద్యాలయం కావాలంటే సొంతంగా అడగొచ్చు కాబట్టి, చేరేముందే అక్కడి ఆర్డినెన్స్ (వర్సిటీ సొంత నియమావళి) చదువుకోవాలి.

ఉద్యోగార్హత సంగతీ ఇదే తీరు. వర్సిటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు 2021 జులై నుంచి పీహెచ్‌డీ తప్పనిసరి అని 2018లో అన్నారు. గడువును 2023 జులైకి జరిపారు. తీరా ఆ రోజు వచ్చేసరికి నెట్, రాష్ట్రస్థాయి అర్హత పరీక్షలైన సెట్, స్లెట్‌లలో ఏదో ఒకటి చాలు అన్నారు. 2024-25 నుంచి వర్సిటీలు తమ ప్రవేశ పరీక్షకు బదులు నెట్ స్కోరుతోనే పీహెచ్‌డీ సీటు ఇవ్వొచ్చన్నారు: జేఆర్‌ఎఫ్ (నెట్‌లో పైస్థాయివారికి ఇచ్చే ఫెలోషిప్) రానివారికి స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ స్కోరు ఒక్క ఏడాదే చెల్లుతుంది. ఆ ఏడాదిలో సీటు, గైడు, ఎన్‌వోసీ మూడూ కుదరకపోతే పరీక్ష మళ్లీ రాయాల్సిందే.

వీటన్నిటిలో టీచరుకు పెద్ద నష్టం 2022 నిబంధనలతో ఎంఫిల్ పోవడం. చిన్న సమస్య తీసుకుని ఏడాదీ రెండేళ్లలో తేల్చుకునే చదువు అది. పరిశోధన తనకు నప్పుతుందో లేదో అక్కడే తెలిసిపోయేది. ఇప్పుడు నేరుగా ఆరేళ్ల గడువులోకి దిగాలి. రీ-రిజిస్ట్రేషన్‌తో అది ఎనిమిదేళ్లు, మహిళలకూ 40 శాతం మించిన వైకల్యం ఉన్నవారికీ పదేళ్ల వరకు. కోర్సు వర్క్ కనీసం 12 క్రెడిట్లు. క్రెడిట్‌కు 15 గంటల చొప్పున లెక్కేసినా 180 గంటలు, అదీ బడి నడిచే వేళల్లో. ప్రతి సెమిస్టర్‌లో ఒకసారి ఆర్‌ఏసీ (పరిశోధన సలహా కమిటీ) ముందు ప్రగతి చూపాలి.

పని చెడేది ఎక్కువగా డేటా సేకరణ దగ్గర. తన బడిలోనే, తన తరగతి మీదే ప్రయోగం పెట్టుకోవడం టీచరుకు సులువనిపిస్తుంది. కానీ పాఠం చెప్పిందీ మార్కులు వేసిందీ ఒకరే అయినప్పుడు, ఫలితం పద్ధతిదా మనిషిదా అని వైవాలో (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్ష) అడుగుతారు. పక్క బడిలో పోలిక తరగతి ఉండాలి, దానికి డీఈవో (జిల్లా విద్యాధికారి) అనుమతి కావాలి. ప్రయోగానికి ముందూ తర్వాతా పెట్టే ప్రీ-టెస్టు, పోస్ట్-టెస్టుల మధ్య బడిలో జరిగే ఎఫ్‌ఏ, ఎస్‌ఏ పరీక్షలు, సెలవులు పోగా మిగిలేవి కొన్ని వారాలే. ఈలోగా బదిలీల కౌన్సెలింగ్ వస్తే తరగతే చేజారుతుంది. అందుకే కోర్సు వర్క్ నడుస్తుండగానే అనుమతికి పెట్టుకుని, డేటా పనిని ఒకే విద్యా సంవత్సరంలో ముగించేలా సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) రాసుకోవాలి.

2022 నిబంధనల్లో ఇంకో మాట ఉంది. ఏ సబ్జెక్టువారైనా సరే, పీహెచ్‌డీ కాలంలో బోధనలో శిక్షణ పొందాలి. వారానికి 4 నుంచి 6 గంటలు ట్యుటోరియల్, ల్యాబ్, మూల్యాంకనం పనులు అప్పగించవచ్చు కూడా. పరిశోధన తెలిసి పాఠం చెప్పడం రాని కొత్త లెక్చరర్ల కోసం పెట్టింది కాబట్టి మంచి ఆలోచనే. బీఈడీ చేసి ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నవారికి మాత్రం అందులో మినహాయింపు రాయలేదు.