తీర్పు కంటే ముందే కదిలిన షేర్లు

2025 సెప్టెంబరు 2న వాషింగ్టన్ ఫెడరల్ న్యాయమూర్తి అమిత్ మెహతా, గూగుల్ తన క్రోమ్ బ్రౌజర్‌ను అమ్మనవసరం లేదని తీర్పు ఇచ్చారు. మర్నాడు మాతృసంస్థ ఆల్ఫాబెట్ షేరు సుమారు 9 శాతం పెరిగింది. సెర్చ్ రంగంలో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యాన్ని నిలుపుకుందని ఏడాది కిందట నిర్ధారించినదీ ఆయనే. కేసు ఓడిన సంస్థ విలువ, తప్పును సరిదిద్దే చర్యలు ఖరారైన మర్నాడే ఇంతగా పెరగడం వింతగా తోచవచ్చు గానీ, మదుపరుల లెక్క అర్థం కావాలంటే పాతికేళ్ల నాటి మైక్రోసాఫ్ట్ కేసు దాకా వెనక్కి వెళ్లాలి.

విండోస్ బలంతో నెట్‌స్కేప్ బ్రౌజర్‌ను అణగదొక్కిందంటూ 1998 మే నెలలో అమెరికా న్యాయశాఖ, పలు రాష్ట్రాలు మైక్రోసాఫ్ట్‌పై దావా వేశాయి. ఆ సంస్థకు గుత్తాధిపత్యం ఉందని న్యాయమూర్తి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ 1999 నవంబరు 5న తేల్చారు. అయినా షేరు స్వల్పంగానే తగ్గి, డిసెంబరు చివరికల్లా అంతవరకు చూడని ధరను అందుకుంది. అసలు దెబ్బ 2000 ఏప్రిల్ 3న తగిలింది. ఆ ఒక్కరోజే షేరు ధర సుమారు 15 శాతం పడిపోయి, దాదాపు 8,000 కోట్ల డాలర్ల మార్కెట్ విలువ ఆవిరైంది. టెక్నాలజీ షేర్లు ఎక్కువగా ఉండే నాస్‌డాక్ సూచీ 349 పాయింట్లు కోల్పోయింది.

దీనిని తీర్పు ప్రభావమని చెప్పుకోవడం పరిపాటి. అయితే మైక్రోసాఫ్ట్ చట్టాన్ని ఉల్లంఘించిందన్న జాక్సన్ తీర్పు బయటికొచ్చింది ఆ సాయంత్రం, మార్కెట్లు ముగిశాక. మదుపరులు బెదిరింది తీర్పుకు కాదు, న్యాయమూర్తి రిచర్డ్ పోస్నర్ మధ్యవర్తిత్వంలో నెలల తరబడి సాగిన రాజీ చర్చలు అంతకుముందు శనివారం విఫలమయ్యాయన్న వార్తకు. పైగా డాట్‌కామ్ (ఇంటర్నెట్ సంస్థల) షేర్ల పతనం మార్చిలోనే మొదలైంది కనుక, నష్టమంతటినీ కోర్టు ఖాతాలో వేయడం సరికాదు. జూన్‌లో జాక్సన్ ఆదేశించిన మైక్రోసాఫ్ట్ విభజనను 2001లో అప్పీలు కోర్టు కొట్టివేసింది, గుత్తాధిపత్య నిర్ధారణను మాత్రం సమర్థించింది. ఆ ఏడాది నవంబరులో న్యాయశాఖతో రాజీ కుదిరింది.

గూగుల్ కేసులోనూ ఇదే చిక్కు ఎదురైంది. 2020 అక్టోబరులో దాఖలైన ఆ కేసులో మైక్రోసాఫ్ట్ అధిపతి, హైదరాబాదుకు చెందిన సత్య నాదెళ్ల గూగుల్‌కు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పారు. ఒకనాటి ప్రతివాది సంస్థ ఇప్పుడు సాక్షి అయింది. మెహతా నిర్ధారణ వెలువడిన 2024 ఆగస్టు 5న టోక్యో నుంచి న్యూయార్క్ దాకా మార్కెట్లన్నీ కుప్పకూలడంతో, ఆ రోజు ఆల్ఫాబెట్ నష్టంలో తీర్పు వాటా ఎంతో విడదీయడం కష్టం. 2025 మే 7న మాత్రం కారణం స్పష్టం. సఫారీ బ్రౌజర్‌లో సెర్చ్‌లు తొలిసారి తగ్గాయని ఆపిల్ ఉన్నతాధికారి ఎడ్డీ క్యూ సాక్ష్యం చెప్పగానే, ఏ తీర్పూ రాకుండానే షేరు 7 శాతానికి పైగా పడింది.

సెప్టెంబరు నాటికి క్రోమ్ చేజారుతుందేమోనన్న భయం ధరలో కలిసిపోయే ఉంది. మెహతా పోటీదారులకు చోటివ్వని ప్రత్యేక హక్కుల ఒప్పందాలను నిషేధించి, కొంత సెర్చ్ సమాచారాన్ని పోటీదారులతో పంచుకోవాలన్నారు గానీ, డిఫాల్ట్ స్థానం కోసం, అంటే ఫోన్లు, బ్రౌజర్లలో ముందుగానే అమర్చిన సెర్చ్‌గా ఉండటం కోసం, చేసే చెల్లింపులను పూర్తిగా ఆపలేదు. 2022లో ఆ పద్దు కింద గూగుల్ నుంచి 2,000 కోట్ల డాలర్లు అందుకున్న ఆపిల్ షేరు కూడా ఆల్ఫాబెట్‌తో పాటే పెరిగింది.