ముందు బూటు తిరగేసి చూడండి

అమెరికాలోని మినియాపొలిస్ నుంచి

అమ్మాయిలూ,

మొన్న వీడియో కాల్‌లో చిన్నది చూపించిన బూట్లు ఇంకా నా కళ్ల ముందే ఉన్నాయి. మోకాలి దాకా నల్లటి బూట్లు, పెన్సిల్ హీల్, పక్కన బంగారు రంగు జిప్. బాగున్నాయి, కాదనను. కానీ అక్కడ కొనకండి. పెట్టెలో ఆ చోటు పొడులకీ పచ్చళ్లకీ ఉంచుకోండి. మీరు ఆగస్టులో వస్తారు, చలి ముదరడానికి ఇంకా రెండు మూడు నెలలుంటుంది. బూట్లు ఇక్కడే కొందాం.

నేను మొదటిసారి వచ్చినప్పుడు హైదరాబాద్‌లో అలాంటివే కొనుక్కొచ్చాను. డిసెంబరులో ఒక పొద్దున బస్‌స్టాప్‌లో పావుగంట నిలబడ్డానో లేదో, సోల్ చెక్కలా బిగుసుకుపోయింది. బస్సు వచ్చింది కదా అని ఒక్క అడుగు గబుక్కున వేశాను. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టు. జడ కూడా రూమ్మేటే వేసేది. అమ్మకి ఈ సంగతి కట్టు విప్పాకే చెప్పాను. అందుకే మీకింత టెన్షన్‌గా రాస్తున్నాను.

చవక ప్లాస్టిక్ సోల్ చలికి గట్టిపడుతుంది. గట్టిపడిన సోల్ ఐస్‌ని పట్టుకోలేదు. చలిలోనూ మెత్తగా ఉండే రబ్బరు కావాలి. షాపులో బూటు చేతికి తీసుకోగానే తిరగేయండి. బొటనవేలితో నొక్కితే సోల్ కాస్త లోపలికి దిగాలి, రెండు చేతులతో వంచితే వంగాలి. గాళ్లు లోతుగా ఉండాలి. టొరంటోలో ఒక పునరావాస వైద్య సంస్థ పరిశోధకులు 2016లో 98 రకాల చలికాలపు బూట్లను పరీక్షించారు. ఐస్ పరిచిన నేల మీద మనుషుల్ని నడిపిస్తూ, నేల వాలు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయారు. ఏడు డిగ్రీల వాలు మీద జారకుండా నిలిచినవి తొమ్మిదే! అట్టపెట్టె మీద 'వింటర్ బూట్' అని రాసినంత మాత్రాన నమ్మకండి.

ఇక వెచ్చదనం. బూటు తనంతట తాను వేడి పుట్టించదు, మీ కాలి వేడినే బయటికి పోనివ్వకుండా ఆపుతుంది. ఆ పని చేసేది లోపలి పొరల్లో కదలకుండా ఉండే గాలి. ఉన్ని, ఫెల్ట్ (ఒత్తి చేసిన ఉన్ని బట్ట), గొర్రెబొచ్చు అన్నీ అలాగే పనిచేస్తాయి. మీరు ఎక్కువగా చూసే పేరు థిన్సులేట్, బూటు లోపల వేసే సన్నటి పీచు పొర. అది మన పక్కనే సెయింట్ పాల్ దగ్గరున్న 3ఎం కంపెనీది. దాని మీద 200 గ్రాములు, 400 గ్రాములు అని ఉంటుంది. అది బూటు బరువు కాదు, ఒక చదరపు మీటరు పొర బరువు. క్లాసు నుంచి క్లాసుకి నడిచే పిల్లకి 200 చాలు. బస్సు కోసం నిలబడాలంటే 400 తీసుకోండి, నిలబడ్డ కాలు నడిచే కాలు కన్నా త్వరగా చల్లబడుతుంది. కొన్ని బూట్ల మీద మైనస్ 40 దాకా పనికొస్తాయని రాసి ఉంటుంది. అన్ని కంపెనీలూ ఒకే పద్ధతిలో వేసే అంకె కాదది, దాన్ని బట్టి కొనకండి. అంత చలి రాదనీ అనుకోకండి. 2019 జనవరి 30న ఇక్కడ మైనస్ 33 సెల్సియస్‌కి పడిపోయింది.

ఎంత మంచి బూటైనా బిగుతుగా ఉంటే చలి ఆగదు. రక్తం ఆడాలి, గాలికి చోటుండాలి. మన దగ్గర ఐదు నంబరు అంటే ఇక్కడ ఆడవాళ్ల సైజుల్లో ఏడు. దాని మీద అర సైజు ఎక్కువ తీసుకోండి. కాటన్ సాక్స్ వద్దు, చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతాయి. ఉన్ని సాక్స్ వేసుకునే కొలత చూసుకోండి. పెద్దదానా, నీకింకో మాట. మెట్టెలు పెట్టుకున్న వేళ్లు ఇరుకు బూట్లో ఒత్తుకుపోతాయి. ముందు భాగం వెడల్పుగా ఉన్నదే ఎంచుకో.

అందం సంగతి మర్చిపోమని చెప్పను. నచ్చని బూట్లు కొంటే అవి అల్మారాలో ఉంటాయి, మీరు కాన్వాస్ షూస్‌తో మంచులోకి వెళ్తారు. చాలామంది పిల్లల్ని అలా చూశాను. కింద రబ్బరు, పైన తోలు ఉండే లేసుల బూటు నాకెంతో ఇష్టం. ఇక్కడి ఈశాన్య మూలనున్న మెయిన్ రాష్ట్రంలో ఎల్.ఎల్. బీన్ అనే ఆయన 1912లో మొదలుపెట్టిన తీరు అది. మొదట అమ్మిన 100 జతల్లో 90 జతలు కుట్లు ఊడి వెనక్కొచ్చాయట, అందరికీ డబ్బు తిరిగిచ్చి మళ్లీ సరిగ్గా కుట్టించాడు. జీన్స్ మీదికి ఇప్పటికీ అంత ముచ్చటైన బూటు ఇంకోటి లేదు. గొర్రెతోలు బూట్లు మెత్తగా, ముద్దుగా ఉంటాయి కానీ నీళ్లకి ఆగవు, పొడి రోజులకే. హీల్ కావాలంటే వెడల్పు హీల్, అంగుళమున్నర మించకుండా. రంగు ముదురుగా ఉంటే మంచిది, రోడ్ల మీద చల్లే ఉప్పు లేత రంగు స్వేడ్ (నూగు తోలు) మీద తెల్లటి మరకలు కడుతుంది. వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి తుడిస్తే పోతాయి.

మీకు షాపువాళ్లు చెప్పనిది ఒకటుంది. మేపుల్ గ్రోవ్ గుడికి వెళ్లినా, తెలుగువాళ్ల ఇంటికి వెళ్లినా బూట్లు గుమ్మం దగ్గరే విప్పాలి. సంక్రాంతికి పట్టుచీర కట్టుకుని, వెనక పదిమంది నిలబడి ఉంటే, వంగి లేసులు విప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే రెండో జతకి పక్క జిప్ ఉన్నవి తీసుకోండి. జిప్ వెనక తోలు మడత ఉందో లేదో చూడండి, లేకపోతే మంచునీళ్లు లోపలికొస్తాయి. పిక్క సగం దాకా వచ్చే నల్ల బూటు చీర కుచ్చిళ్ల కింద కనబడదు కూడా.

ఇంటికి రాగానే లోపలి పొర ఊడేదైతే తీసి విడిగా ఆరబెట్టండి. హీటర్ మీద మాత్రం పెట్టకండి, తోలు పగులుతుంది.

అక్టోబరు మొదటి శనివారం పొద్దున్నే కారు తీసుకుని మీ దగ్గరికి వస్తాను. ఉన్ని సాక్స్ నా దగ్గర రెండు కొత్త జతలున్నాయి, అవి వేసుకునే షాపుకి వెళ్దాం. మీ పాదాల కొలత కాగితం మీద గీసి ఫోటో పంపండి, ఎడమది, కుడిది రెండూ.

మీ పెద్దమ్మ