గుండు గీసిన చింతలు: ఈ గొడవ అసలు ఎక్కడ మొదలైంది?

బరంపురం, ఇచ్ఛాపురం మధ్య పాత ట్రంకు రోడ్డు మీద ఉన్న మా ఊళ్లో చింతచెట్లకు గత వారం మళ్లీ ఎర్ర రంగుతో నంబర్లు పడ్డాయి. ఒకటి నుంచి పదకొండు దాకా. వీటిని కొట్టేసి రోడ్డు వెడల్పు చేస్తారు, పక్కనే కొత్త డ్రైను తవ్వుతారు. నోటీసు ఒడియాలో ఉంది. ఒడియా చదవడం రాని మా పెద్దవాళ్లు కూడా అందులో ఒక మాటను గట్టిగా పట్టుకున్నారు: 'బిపజ్జనక'. ప్రమాదకరం అని. పదకొండూ ప్రమాదకరమేనట. లోపల తొర్రలు పడ్డాయి కాబట్టి కలపకు పనికిరావట, అందుకని కట్టెల లెక్కన వెల కట్టారు.

చెట్లు మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్ననాటివని, 1936లో ఒడిశాలో కలిసే సరికే నీడనిస్తున్నాయని, ఏటా కాయలు వేలం వేసేవారని ప్రతి ఇంట్లోనూ చెప్తారు. ఆ కథ వదిలేద్దాం. ఫైలిన్ తుఫాను గురించి కూడా ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పేదేం లేదు. 2013 అక్టోబర్ 12, దసరా రోజులు, గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అందరూ ఆ రాత్రినే తలుచుకుంటారు. నాకు మాత్రం ఈ గొడవకు మూలం ఆ తర్వాతి నెలన్నరలో కనిపిస్తుంది.

ఆ రాత్రి మా ఊళ్లో పడినవి తురాయిలు, నీలగిరి చెట్లు, పెరళ్లలో మునగలు. చింతలు పడలేదు. చింత వేరు లోతుకు దిగుతుంది, కొమ్మ గట్టిది, ఆకు చిన్నది. గాలి మధ్యలోంచి దూసుకుపోతుంది. తెల్లారి చూస్తే చిన్న కొమ్మలు రాలాయి, ఆకంతా దులిపేసినట్టు ఉంది, అంతే. పదకొండూ నిలబడే ఉన్నాయి.

కరెంటు స్తంభాలు నిలబెట్టడానికి ముఠాలు వచ్చాయి. వాళ్లతో కోతమిషన్లు వచ్చాయి. ముందు పడినవాటిని కోశారు. అది అయిపోయాక నిలబడ్డవాటి మీద పడ్డారు. మళ్లీ తుఫాను వస్తే ఇవి తీగల మీద పడవని ఏం నమ్మకం? కాబట్టి తలలు తీసేయాలన్నారు. పన్నెండడుగుల ఎత్తు వదిలి పైదంతా, నడుము లావు కొమ్మలతో సహా, నరికేశారు. ఊరివాళ్లం ఎవరూ అడ్డు చెప్పలేదు. చెప్పకపోగా, కట్టెలు పంచుకున్నాం. మా ఇంటికీ ఒక బండెడు వచ్చింది. "తుఫానుకి పెద్ద కొమ్మ ఒక్కటీ ఇరగలేదు బాబూ, తరవాత మనమే గుండు గీసేసినాం" అని మా వీధి పెద్దాయన ఒకరు ఇప్పటికీ అంటుంటారు.

తల నరికితే చెట్టుకు ఏమవుతుందో చెట్ల వైద్యమే వృత్తిగా ఉన్నవాళ్లు చాలా ఏళ్లుగా చెప్తున్నారు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా కోసి లోపల చూశారు. మన ఒంటి మీద గాయం మానినట్టు చెట్టు గాయం మానదని ఆయన తేల్చారు. చెడిన భాగం చుట్టూ చెట్టు గోడ కట్టుకుంటుంది, దాన్ని అక్కడే ఆపుతుంది, బయట కొత్త చెక్క పోసుకుంటుంది. కొమ్మ మొదట్లో ఉంగరంలా ఉబ్బు ఉంటుంది. దానికి ఆనుకుని బయటవైపు కోస్తే గోడ తొందరగా లేస్తుంది. కొమ్మ మధ్యలో, అదీ అడుగు వెడల్పున, అడ్డంగా నరికితే గోడ లేచేలోపే కుళ్లు కిందికి దిగుతుంది. మా ఊళ్లో పైగా తారు పూశారు. తారు కుళ్లును ఆపదు, తడిని లోపలే ఉంచుతుంది.

ఇంకో సంగతి, నా దృష్టిలో అసలు సంగతి, పిలకలది. ఆకంతా పోయిన చెట్టు ఆకలితో ఉంటుంది. దాచుకున్న పిండిపదార్థమంతా ఖర్చుపెట్టి, కోసిన చోటు కింద గుత్తులు గుత్తులుగా పిలకలు తోస్తుంది. మామూలు కొమ్మ మాను లోపలి నుంచి ఏటికేడు అల్లుకుంటూ పెరుగుతుంది. ఈ పిలక పైపొరకు అతుక్కుని ఉంటుంది, అంతే. 2014 ఉగాదికే మోళ్ల మీద పచ్చదనం చూసి చెట్టు బతికిందని సంబరపడ్డాం. ఐదేళ్లు తిరిగేసరికి అవి చేతిలావు అయ్యాయి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, ఫైలిన్‌లో పెద్ద కొమ్మ ఒక్కటైనా పోగొట్టుకోని ఈ చెట్ల నుంచే పిలకలు బెరడుతో సహా ఊడి రోడ్డు మీద పడ్డాయి. వీటికి ప్రమాదకరం అన్న పేరు అప్పటి నుంచే వచ్చింది. ఆ పేరు ఎవరి వల్ల వచ్చిందన్నది మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

ఆ తర్వాత సిమెంటు. రోడ్డు పక్కన మాను దాకా పోసేశారు. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర సిమెంటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది 2013 ఏప్రిల్‌లో, అంటే ఫైలిన్‌కు ఆరు నెలల ముందు. ఢిల్లీ మాట గంజాం దాకా రాలేదు. చెట్టుకు నీరు, గాలి అందించే సన్న వేర్లు ఎక్కువగా పై రెండడుగుల మట్టిలోనే, కొమ్మల నీడ దాటి కూడా పాకుతాయి. ఛాతీ ఎత్తులో మాను అడ్డం ఎన్ని అంగుళాలో అన్ని అడుగుల దూరం చుట్టూ తవ్వకూడదని నిపుణుల మోటు లెక్క. మూడడుగుల మానుకు ముప్పై ఆరు అడుగులు. కొత్త డ్రైనుకు సున్నం గీత గీసింది నాలుగడుగుల దూరంలో.

ఇంజినీర్ల వాదన కూడా ఉంది. రోడ్డు ఇరుకు, బస్సులు ఎదురుపడితే ఒకటి ఆగాలి, స్కూలు పిల్లలు నడిచే దారి, కొమ్మ పడి ఎవరికైనా ఏమైనా అయితే బాధ్యత తమదే. ఇది కొట్టిపారేసే మాట కాదు.

కానీ వెల దగ్గర నాకు మింగుడుపడదు. రోడ్డు కోసం పెరటి స్థలం పోయినవాళ్లు ఉన్నారు. వాళ్ల కొబ్బరిచెట్లకు 2013 భూసేకరణ చట్టం 29వ సెక్షన్ ప్రకారం వెల కట్టాలి. దానికి తోట పంటలు, అడవుల అనుభవం ఉన్నవాళ్ల సాయం కలెక్టర్ తీసుకోవచ్చు. పైన నూరు శాతం సొలేషియం, అంటే వెలకు సమానంగా ఇచ్చే అదనపు పరిహారం. గోడ అవతల రోడ్డు మీదున్న చింత సర్కారుది కాబట్టి దానికి అడితిలో పలికే ధరే.

పశ్చిమ బెంగాల్‌లో ఐదు రైల్వే వంతెనల కోసం 356 చెట్లు కొట్టే కేసులో సుప్రీంకోర్టు వేసిన నిపుణుల సంఘం 2021లో చెట్టు వయసును ఏడాదికి 74,500 రూపాయలతో హెచ్చించమంది. అరవై ఏళ్ల చెట్టుకు 44,70,000 రూపాయలు. మా చింతలు అంతకంటే పెద్దవి. అయితే 2023లో అదే కోర్టు ఆ 356 చెట్లు కొట్టడానికి అడ్డు చెప్పలేదు. ఇంజినీర్లు ఈ రెండో సగాన్నే చూపిస్తున్నారు, మా కుర్రాళ్లు మొదటి సగాన్ని.

వృత్తిగా చెట్ల విలువ కట్టేవాళ్ల పద్ధతి వేరు. ముందు మాను అడ్డుకోత వైశాల్యం తీసి ఒక ధర కడతారు. తర్వాత జాతి, ఆరోగ్యం, ఉన్న చోటు చూసి శాతాలు తగ్గిస్తారు. దెబ్బతిన్న చెట్టుకు విలువ తగ్గుతుంది, నిజమే. కానీ వాళ్లను చాలాసార్లు పిలిచేది, దెబ్బ కొట్టినవాడి దగ్గర ఆ తగ్గినంతా రాబట్టడానికి. మా దగ్గర తిరగబడింది. దెబ్బ పడింది కాబట్టి చవగ్గా కొట్టేయవచ్చని లెక్క వేస్తున్నారు.

తొర్ర ఉన్నంత మాత్రాన చెట్టు పడదు. చెక్కసుత్తితో చుట్టూ తట్టి, బోలుగా మోగే చోట సన్న బరమాతో చూడాలి. చుట్టూరా గట్టి చెక్క మాను వ్యాసార్ధంలో మూడో వంతు మందం ఉంటే సాధారణంగా నిలబడుతుందని అంచనా. మూడడుగుల మానుకు ఆరంగుళాలు. తర్వాత ఒక్కో మోడు మీద బలమైన పిలక ఒకటో రెండో ఉంచి, మిగతావి రెండు మూడేళ్లలో, ఏడాదికి పావు వంతు ఆకు మించకుండా తగ్గించుకుంటూ రావాలి. సిమెంటు తీసి ఎండుటాకులు పరవాలి. దీనికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు.

మొన్న నంబర్లు వేసిన కుర్రాడిని అడిగి అతని చేతిలో ఫారం చూశాను. నంబరు, జాతి, చుట్టుకొలత, ఎత్తు, ధర. ఏ చెట్టునూ తట్టి చూడలేదన్నాడు, తట్టమని తనకెవరూ చెప్పలేదు. ఏడో నంబరు చింత, మా ఇంటి ఎదుటిది, ఈ ఏడు కూడా కాసింది. అభ్యంతరాలకు గడువు వచ్చే సోమవారం దాకా ఉంది. మా వీధివాళ్లు పెట్టిన అర్జీలో అడిగింది ఒక్కటే: ధర పక్కన ఇంకో గడి గీసి, ఈ చెట్టు ఎందుకు పాడైందో, ఏ ఏడు పాడైందో రాయమని.