ఓడ పడనివారికి చెవి వెనుక చికిత్స: రెండు శతాబ్దాల నేపథ్యం

ఓడ ప్రయాణం బొత్తిగా పడనివారికి వైద్యులు ఇన్నాళ్లూ ఇస్తూ వచ్చినవి ప్రధానంగా మాత్రలే. కొన్ని దేశాల నౌకాదళ వైద్యులు మాత్రం కొంతకాలంగా వేరే దారి పట్టారు. వికారాన్ని అణచడానికి బదులు లోపలి చెవిలోని సమతుల్య వ్యవస్థనే పదేపదే ప్రేరేపించి, దాని స్పందనను సర్దడం వారి ఉద్దేశం. అందుకు చెవి వెనుక ఎముక మీద ఎలక్ట్రోడ్లు అతికించి సన్నని విద్యుత్తు పంపుతారు, లేదా చీకటి గదిలో కదిలే కాంతి చుక్కలు చూపిస్తారు. పరికరాలు కొత్తవే కానీ దీని వెనుక ఉన్న పరిశీలనలు చాలా పాతవి.

బ్యాటరీని కనిపెట్టిన వోల్టా 1800లో తన రెండు చెవులకూ విద్యుత్తు పెట్టుకుని, తలలో పెద్ద కుదుపునూ ఏదో చిక్కటి పదార్థం కుతకుత ఉడుకుతున్నట్టున్న శబ్దాన్నీ అనుభవించాడు. 1820 ప్రాంతంలో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యె, తల గుండా విద్యుత్తు పంపితే కళ్లు తిరుగుతాయని నమోదు చేశాడు. 1824లో ఫ్రాన్సులో ఫ్లూరెన్స్ పావురాల లోపలి చెవిలో తల తిరిగే కదలికను పసిగట్టే అర్ధవర్తుల కుల్యలను (సన్నని గొట్టాలను) కోసి చూస్తే, ఆ పక్షులు నిలకడగా నిలబడలేక తలలు తిప్పుకుంటూ పోయాయి. ఇంత తెలిసినా ఓడలో వచ్చే వాంతులకు కారణాన్ని చాలాకాలం కడుపులోనే వెతికారు.

ఆ వెతుకులాటను మళ్లించిన ఆధారం బధిరుల నుంచి వచ్చింది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1882లో ప్రచురించిన పరిశీలనలో, గిరగిరా తిప్పిన 519 మంది బధిరుల్లో 186 మందికి కళ్లు తిరగనే లేదు, మరో 134 మందికి ఏదో కొద్దిగా తిరిగాయి. హార్వర్డ్‌లో దాదాపు 200 మంది విద్యార్థులనూ అధ్యాపకులనూ అలాగే పరీక్షిస్తే, తల తిరగనివాడు ఒక్కడే తేలాడు. వినికిడితో పాటు సమతుల్య అవయవమూ దెబ్బతిన్నవారికి సముద్రం కూడా ఏమీ చేయదేమోనని జేమ్స్ ఊహించాడు. ఓడ పడనివారికి చెవుల వెనుక చర్మం మీద చిన్న బొబ్బలు తెప్పించి చూడమన్న ఆయన సలహా ఇప్పుడు మొరటుగా తోచవచ్చు కానీ, ఇప్పుడు ఎలక్ట్రోడ్లు అతికిస్తున్నదీ ఆ చోటే.

ఆ ఊహకు గట్టి పరీక్ష అంతరిక్ష యుగంలో ఎదురైంది. 1950ల చివరి నుంచి అమెరికా నౌకాదళ వైద్యులు, నాసా కలిసి బధిరుల కోసం నడిచే గ్యాలడెట్ కళాశాలకు చెందిన 11 మంది మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. వారిలో పదిమందికి చిన్నతనంలో వచ్చిన మెనింజైటిస్ వల్ల వినికిడితో పాటు లోపలి చెవి పనితనమూ పోయింది. కెనడాలోని నోవా స్కోషియా తీరంలో సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు వారిని పడవలో తీసుకెళితే, వారు నింపాదిగా పేకాడుకున్నారట. పరిశోధకులే వాంతులతో మూలకు చేరడంతో ఆ పరీక్షను మధ్యలో ఆపేయాల్సి వచ్చింది.

దీంతో ఒక చిక్కు తేటపడింది: ఆ అవయవం పనిచేయనివారికి వికారం లేదు, కానీ పనిచేస్తున్నదాన్ని ఎవరూ పోగొట్టుకోరు. ఈలోగా మాత్రలు దారి చూపినట్టే కనిపించాయి. 1947లో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు దద్దుర్లకు ఇచ్చిన డ్రామమైన్ అనే మందు, రోగికి ప్రయాణపు వికారాన్నీ తగ్గించింది. మరుసటి ఏడాది జర్మనీకి సైనికులను తీసుకెళుతున్న ఓడలో దాన్ని విస్తృతంగా పరీక్షించారు. ఘాట్ రోడ్డు బస్సెక్కే ముందు అవోమిన్ వేసుకునే మన అలవాటూ ఇదే రకం మందుల పుణ్యమే. అయితే ఈ మందులు మగత తెస్తాయి. బస్సులో కునుకు తీసేవాడికి అది సమస్య కాదు కానీ, రాడార్ తెర ముందు కాపలా కూర్చున్న నావికుడికి అది వికారమంత ప్రమాదం.

మందు లేని దారికి సిద్ధాంతం 1979లో దొరికింది. మనిషిని చీకట్లో కుర్చీలో కూర్చోబెట్టి కాసేపు తిప్పి హఠాత్తుగా ఆపితే, కుల్యల నుంచి వచ్చే సంకేతం సుమారు 5 సెకన్లలోనే సన్నగిల్లినా, కళ్ల కదలిక అంతకన్నా చాలాసేపు సాగుతుంది. తిరిగిన వేగపు సంకేతాన్ని మెదడు కొంతసేపు నిల్వ చేసుకోవడమే దీనికి కారణమని బెర్నార్డ్ కోహెన్, థియోడర్ రాఫన్ తదితర పరిశోధకులు చూపించారు. ఈ నిల్వ ఎక్కువసేపు ఉండేవారికి వికారమూ ఎక్కువేనని, శిక్షణతో దాని నిడివిని తగ్గించవచ్చని తరువాతి పరిశోధనలు సూచించాయి. అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే ఫలానా మనిషికి సముద్రం పడదు అన్న మాట ఇక్కడ సెకన్లలో కొలవగల విషయమైంది.

ఫ్రాన్సులో బ్రెస్ట్ సైనిక ఆసుపత్రి కదిలే చుక్కల గదిలో నావికులకు శిక్షణ ఇచ్చింది. ఇజ్రాయెల్ నౌకాదళ వైద్య పరిశోధకులు 2022లో ప్రచురించిన ప్రయోగంలో, తీవ్రంగా బాధపడే నావికుల చెవుల వెనుక విద్యుత్ ప్రేరణ ఇచ్చి ఆ నిల్వ నిడివిని తగ్గించడానికి ప్రయత్నించారు. ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నాయి. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం 2025లో మరో అడుగు వేసి, విద్యుత్తు బదులు 100 హెర్ట్జ్ ధ్వనిని ఒక్క నిమిషం వినిపించి వికారం తగ్గిందని చెప్పింది.

వీటన్నిటిలో పాల్గొన్నవారి సంఖ్య తక్కువ. పైగా ఓడ పడనివారిలో చాలామంది సముద్రం మీద రెండు మూడు రోజులు గడిపేసరికి తమంతట తామే అలవాటు పడతారు కాబట్టి, కలిగిన మేలులో చికిత్స వాటా ఎంతో, అలల వాటా ఎంతో విడదీయడం కష్టం. అందుకే ఈ చికిత్స అవసరం అసలు ఎవరికన్నది ముందు తేలాలి. నెలల తరబడి ఓడ మీదే ఉన్నా అలవాటు పడక, చివరికి ఒడ్డు ఉద్యోగానికి మారాల్సి వచ్చే కొద్దిమందే నౌకాదళాల అసలు లెక్కలో ఉన్నారు.